డబ్బు తండ్రిది, దస్తావేజు కొడుకుది

1737లో ఇంగ్లండులోని విల్ట్‌షైర్ ప్రాంతంలో, హేట్స్‌బరీ అనే ఊళ్ళో సైమన్ డయర్ అనే ఆయన కొంత భూమి సంపాదించాడు. అది కాపీహోల్డు భూమి. ఎస్టేటు దొర పుస్తకంలో పేరు రాయించుకుని, ఆ ఎస్టేటు ఆచారం ప్రకారం అనుభవించవలసిన హక్కు అది. ఒకరి తరువాత ఒకరుగా ముగ్గురి పేర్లు రాయించుకోవచ్చు. ముగ్గురూ పోయేదాకా భూమి ఆ ఇంట్లోనే ఉంటుంది. సైమన్ మొదట తన పేరు, తరువాత భార్య మేరీ పేరు, ఆ తరువాత కొడుకు విలియం పేరు రాయించాడు. సొమ్మంతా తనదే. మేరీ ముందే కన్నుమూసింది. సైమన్ మాత్రం 1785 దాకా బతికి, పోతూ పోతూ ఆ భూమిలో తనకున్న హక్కంతా చిన్నకొడుకుకు చెందేలా విల్లు రాశాడు.

అన్నదమ్ములు కోర్టుకెక్కారు. తమ్ముడి వాదం సూటిగా ఉంది: డబ్బు నాన్నది కాబట్టి భూమీ నాన్నదే, విలియం పేరు పుస్తకంలో ఉన్నా అతను నాన్న తరఫున పేరు మోసినవాడే, నాన్న తన హక్కు నాకు రాసిచ్చాడు. విలియం జవాబూ అంతే సూటిగా ఉంది: నాన్న నా పేరు రాయించింది నాకు ఇవ్వడానికే. 1788లో ఎక్స్‌చెకర్ కోర్టు ప్రధాన న్యాయమూర్తి ఐర్ తీర్పు చెప్పాడు. మామూలుగా అయితే ఎవరి పేర కొన్నా, సొమ్ము పెట్టినవాడిదే ఆస్తి అన్న సూత్రాన్ని ఆయన ఒప్పుకున్నాడు. కానీ పేరు కొడుకుదైతే లెక్క మారుతుందన్నాడు. పిల్లలకు ఆధారం కల్పించడం తండ్రి బాధ్యత కాబట్టి, కొడుకు పేర కొన్నాడంటే ఇచ్చేశాడనే అనుకోవాలి. కాదనేవాడే రుజువు చూపాలి. తమ్ముడి దావా కొట్టేశారు.

ఈ తీర్పు చదివినప్పుడు నాకు ఎక్కువ ఆసక్తి కలిగించేది సూత్రం కాదు, న్యాయమూర్తి సంకోచం. కొత్తగా ఆలోచించాల్సి వస్తే మరింత సరళమైన దారి దొరికేదేమో అన్న ధ్వని ఆయన మాటల్లో వినబడుతుంది. అయినా అప్పటికే పాతుకుపోయిన నియమం మీద ఎంతోమంది ఆస్తులు నిలిచి ఉన్నాయి కాబట్టి దాన్ని కదపడానికి ఒప్పుకోలేదు. ఆ నియమం అలా నిలిచిపోయింది. తల్లికి మాత్రం అది వర్తించలేదు. 1879లో సర్ జార్జ్ జెస్సెల్, బెన్నెట్ కేసులో, పిల్లలకు ఆధారం కల్పించే బాధ్యత ఈక్విటీ దృష్టిలో తండ్రిదే కాబట్టి తల్లి సొమ్ము విషయంలో అలాంటి ఊహ చెయ్యలేమన్నాడు. నాన్న కొనిపెడితే దానం, అమ్మ కొనిపెడితే ప్రశ్న! 2010లో బ్రిటిష్ పార్లమెంటు సమానత్వ చట్టంలో ఈ ఊహనే రద్దు చేస్తూ ఒక సెక్షన్ రాసింది. రాసి, అమలు తేదీ ప్రకటించకుండా ఏళ్ళకేళ్ళు పక్కన పెట్టింది.

హేట్స్‌బరీ తగువు ఇక్కడికి ఎందుకు తెచ్చానంటే, సరిగ్గా అదే ప్రశ్న 66 ఏళ్ళ తరువాత బెంగాలు నుంచి లండనుకు చేరి, సరిగ్గా తలకిందులైన జవాబు పొందింది. గోపీకృష్ణ గోసాయికీ గంగాప్రసాద్ గోసాయికీ మధ్య నడిచిన వ్యాజ్యం అది. ఇండియా వ్యాజ్యాలకు లండనులో ఆఖరి అప్పీలు కోర్టైన ప్రివీ కౌన్సిల్ 1854లో దాన్ని తేల్చింది. తండ్రి తన సొమ్ముతో కొడుకు పేర భూమి కొన్నాడు. ఇంగ్లీషు ఊహ ప్రకారమైతే కొడుకుదే. న్యాయమూర్తి నైట్ బ్రూస్ ఆ ఊహను హిందూదేశానికి తేవడానికి ఒప్పుకోలేదు. ఈ దేశంలో ఇతరుల పేర ఆస్తి కొనడం చాలాకాలంగా ఉన్న అలవాటు, కారణం ఏదైనా అలవాటు మాత్రం నిజం, కాబట్టి కొడుకు పేరు కనబడినంత మాత్రాన తండ్రి ఇచ్చేశాడని అనుకోకూడదు అన్నాడు. సొమ్ము తండ్రిదని తేలితే ఆస్తి తండ్రిదే. తనదే అనే కొడుకు ఆ సంగతి రుజువు చేసుకోవాలి.

అలవాటు వెనక కారణాలు చాలా ఉన్నాయి. అప్పులవాళ్ళ భయం ఒకటి. దాయాదుల కన్ను పడకూడదన్నది ఇంకొకటి. కొన్ని పేర్లు కలిసొస్తాయన్న నమ్మకం కూడా ఉండేది. ఇంకా పెద్ద కారణం ఇంటి కట్టులో ఉంది. ఇంటి పెద్ద చేతిలో పెత్తనం ఉన్నంతకాలం కాగితం మీద ఎవరి పేరు ఉందన్నది ఆ ఇంట్లో ఎవరికీ పెద్ద విషయం కాదు. పొలం ఎవరు చూస్తున్నారు, శిస్తు ఎవరు కడుతున్నారు, ధాన్యం ఎవరి గాదెకు చేరుతోంది అన్నవే లెక్క. ఆ పెద్ద కన్నుమూసిన మర్నాటి నుంచి మాత్రం కాగితమే లెక్క. తగువంతా ఈ రెండు లెక్కల మధ్య ఉన్న సందులో పుడుతుంది.

లండను న్యాయమూర్తులు 1854లో వేసిన దారిలోనే సాగారు. 1869లో ఈ నియమం ముస్లిం కుటుంబాలకూ వర్తిస్తుందన్నారు. 1915లో బిలాస్ కున్వర్ కేసులో సర్ జార్జ్ ఫార్వెల్, భార్య విషయంలోనూ బిడ్డ విషయంలోనూ ఇంగ్లీషు చట్టంలో ఉన్న మినహాయింపు ఇండియాలో లేదని తేల్చి చెప్పాడు. సొమ్ము పెట్టినవాడికే ఫలం అన్న తమ మూలసూత్రానికి ఈ దేశపు ఆచారం విచిత్రంగా దగ్గరగా ఉందని కూడా గమనించాడు. 1882 నాటి ఇండియన్ ట్రస్టుల చట్టం 82వ సెక్షన్ అదే సూత్రాన్ని చట్టంగా రాసింది. అయితే ప్రభుత్వం తాను అమ్మే చోట మాత్రం పేరునే పట్టుకుంది. 1859 నాటి రెవెన్యూ వేలాల చట్టం, అదే ఏటి సివిల్ ప్రొసీజర్ కోడ్ రెండూ, వేలంలో ఎవరి పేర కొన్నట్టు సర్టిఫికెట్ ఉంటే వారిదే ఆస్తి, వెనక సొమ్ము నాదంటూ వచ్చేవాడి దావా చెల్లదు అన్నాయి. ఇంట్లో వాళ్ళకైతే సొమ్ము లెక్క, సర్కారు గుమ్మం దగ్గర పేరు లెక్క. ఈ రెండు తీరులూ ఒకే ఏలుబడిలో వందేళ్ళకు పైగా పక్కపక్కనే బతికాయి.

బెంగాలులో నడిచిన తర్కం తెలుగు నేల మీద యథాతథంగా నడవలేదు. బెంగాలుది దాయభాగం అనే వారసత్వ పద్ధతి. తండ్రి బతికున్నంతకాలం కొడుకుకు జన్మహక్కు లేదు కాబట్టి డబ్బు తండ్రిదంటే తండ్రిదే. మనది మితాక్షర. చాళుక్య విక్రమాదిత్యుడి కల్యాణిలో విజ్ఞానేశ్వరుడు రాసిన ఆ వ్యాఖ్యానాన్ని 13వ శతాబ్దంలోనే కేతన విజ్ఞానేశ్వరీయం పేరుతో తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. పంపకాల ధర్మం కావ్యభాషలోకి ఎక్కిందంటే ఆ తగువులు ఎంత మామూలో ఊహించుకోవచ్చు. మితాక్షరలో పిత్రార్జితంలో కొడుకుకు పుట్టుకతోనే పాలుంది. స్వార్జితం మీద తండ్రి ఇష్టం చెల్లుతుంది. కాబట్టి ఇక్కడ ‘నాన్న డబ్బుతో కొన్న భూమి’ అనగానే రెండో ప్రశ్న వెంటనే లేస్తుంది: ఆ డబ్బు నాన్నదేనా, లేక నాన్న చేతిలో ఉన్న ఉమ్మడి డబ్బా?

ధవళేశ్వరం ఆనకట్ట, ఆ వెనకే బెజవాడ దగ్గర కృష్ణ ఆనకట్ట 1850లలో పూర్తయ్యాక డెల్టా భూములకు విలువ వచ్చింది, కొనుగోళ్ళు పెరిగాయి. తాత ఇచ్చిన మెట్ట నాలుగెకరాల ఆదాయంతో మాగాణి కొన్నాడా, వడ్డీ వ్యాపారంలో మిగిల్చి కొన్నాడా, అత్తవారిచ్చిన సొమ్ముతో కొన్నాడా అన్నది తేల్చడం తరువాతి తరానికి ప్రాణసంకటమైంది. ఈ చిక్కుకు ఇప్పటికీ కోర్టులు చెప్పే సూత్రం మద్రాసు హైకోర్టు నుంచి లండనుకు వెళ్ళిన ఒక వ్యాజ్యంలో తేలింది. పార్టీల పేర్లు అప్పలస్వామి, సూర్యనారాయణమూర్తి. 1947లో సర్ జాన్ బోమాంట్ చెప్పిన దాని సారం ఇది. కుటుంబం ఉమ్మడిదైనంత మాత్రాన ఒకరి పేర ఉన్న ఆస్తి ఉమ్మడిదైపోదు, ఉమ్మడిదనేవాడే రుజువు చేయాలి. కానీ ఆ కొత్త ఆస్తి పుట్టడానికి సరిపడా ఉమ్మడి మూలధనం ఇంట్లో ఉండేదని అతను చూపగలిగితే, అప్పుడు స్వార్జితమనేవాడి మీద భారం పడుతుంది. 1954లో సుప్రీం కోర్టు కాంగో కుటుంబపు కేసులో ఇదే మాట స్థిరపరిచింది. ఆ ‘సరిపడా’ అన్న మాట దగ్గరే లక్షల పేజీల సాక్ష్యాలు పేరుకున్నాయి.

చదువు కూడా ఈ లెక్కలోకి వచ్చిన రోజులున్నాయి. ఉమ్మడి సొమ్ముతో ఒకడు పెద్ద చదువు చదివి ఉద్యోగం సంపాదిస్తే ఆ జీతం ఎవరిది? 1921లో గోకుల్‌చంద్ కేసులో ప్రివీ కౌన్సిల్, కుటుంబం ఖర్చుతో ఐసీఎస్‌కు తయారైన వ్యక్తి సంపాదన కూడా ఉమ్మడి ఆస్తే అంది. దేశమంతా గగ్గోలు పుట్టింది. ఎం.ఆర్. జయకర్ పూనికతో 1930లో హిందూ విద్యార్జిత చట్టం వచ్చి ఆ తలుపు మూసింది. ప్లీడరైన తమ్ముడి బంగళాలో పల్లెలో అరక దున్నిన అన్న పాలు అడిగే వీలు అలా పోయింది. న్యాయంగా పోయిందా అంటే నాకు సందేహమే. తమ్ముడి ఫీజు కట్టడానికి అన్న బడి మానేసిన ఇళ్ళు మనకు కొత్త కావు. చదువుకు ఖర్చైన సొమ్ముకు రిజిస్ట్రారు ఆఫీసులో దస్తావేజు పుట్టదు గనక ఆ లెక్క చట్టం బయటే ఉండిపోయింది.

ఈ తగువుల్లో చాలాకాలం అక్కచెల్లెళ్ళ పేరే వినబడదు. వాళ్ళకు తగువు లేక కాదు, పాలు లేక. ఎన్.టి. రామారావు ప్రభుత్వం 1986లో 13వ చట్టంతో, 1985 సెప్టెంబర్ 5 నుంచి వర్తించేలా, ఆడపిల్లలకూ ఉమ్మడి ఆస్తిలో జన్మహక్కు ఇచ్చింది. అప్పటికే పెళ్ళైన వాళ్ళను మినహాయించింది. దేశమంతటికీ ఆ హక్కు రావడానికి 2005 సెప్టెంబర్ 9 దాకా పట్టింది. తండ్రి ఆ తేదీకి బతికి ఉండాలా అన్న చిక్కు 2020 ఆగస్టు 11న వినీతా శర్మ తీర్పుతో, అక్కర్లేదని, విడిపోయింది. ఈ మార్పుతో పాత తగువు స్వరూపం మారింది. ‘ఈ పొలం నాన్న నా పేర కొనిచ్చాడు’ అనే అన్న మాటకు ఎదురుగా ‘అది ఉమ్మడి సొమ్ముతో కొన్నది’ అనడానికి ఇప్పుడు చెల్లెలికి కూడా దారి దొరికింది.

ఈ మార్పులకు ముందే ఇంకో చట్టం ఊరూరా పేర్లను చెల్లాచెదరు చేసింది. 1973 నాటి ఆంధ్రప్రదేశ్ భూసంస్కరణల చట్టం 1975 జనవరి 1 నుంచి అమలైంది. ఐదుగురున్న కుటుంబానికి నేల తరగతిని బట్టి మాగాణి 10 నుంచి 27 ఎకరాలు, మెట్ట 35 నుంచి 54 ఎకరాలు అని పరిమితి పెట్టింది. అంతకు ముందు నుంచే ఈ కబురు అందరికీ తెలుసు. కొడుకుల పేర, అల్లుళ్ళ పేర, నమ్మకస్తులైన పాలేర్ల పేర కాగితాలు పుట్టాయి. ఇది ఊహించే 1971 జనవరి 24 తరువాత జరిగిన బదిలీలు సీలింగు తప్పించుకోవడానికి చేసినవి కావని చూపే భారం చట్టం సొంతదారుల మీదే వేసింది. అయినా ఎన్నో కాగితాలు నిలబడ్డాయి. సర్కారు ముందు ‘ఇది నిజంగా కొడుకుకిచ్చిందే’ అని డిక్లరేషన్ వేసిన తండ్రి, తరువాత మిగతా బిడ్డల ముందు ‘పేరుకే అతనిది’ అని చెప్పిన తండ్రి ఒకరే. అతను పోయాక పెద్దకొడుకు మొదటి మాటను పట్టుకుంటాడు, తక్కినవాళ్ళు రెండో మాటను పట్టుకుంటారు. రెండూ ఆయన నోటి మాటలే.

ఇక్కడే నాకు ఈ చరిత్రలో అసలు సూత్రం కనబడుతుంది. చట్టం ఏ కాలంలో ఏ ఊహ పెడితే, ఇంట్లో జరిగిన కథను వాద ప్రతివాదులు ఆ ఊహకు తగినట్టు తిరగరాసుకుంటారు. సొమ్ము కదిలిన దారి ఒకటే, దాని చుట్టూ చెప్పే కథ మారుతుంటుంది. 1854 తరువాత అందరూ ‘పేరుకే పెట్టాం’ అన్నారు. 1988 తరువాత ఆ మాట అనడానికే వీల్లేకుండా పోయింది.

సొమ్ము ఒకరిదీ పేరు ఇంకొకరిదీ అయ్యే ఇలాంటి కొనుగోలునే బినామీ అంటారు. దాని మీద గజేంద్రగడ్కర్ నాయకత్వంలోని లా కమిషన్ 1973లోనే 57వ నివేదిక ఇచ్చింది. పదిహేనేళ్ళు అది అలమారలో ఉండి, 1988 మే 19న హఠాత్తుగా ఆర్డినెన్సుగా బయటపడింది. ఆగస్టులో డి.ఎ. దేశాయ్ కమిషన్ 130వ నివేదిక, సెప్టెంబరులో 45వ చట్టం వెంటవెంట వచ్చాయి. ట్రస్టుల చట్టం 82వ సెక్షన్ రద్దయింది. బినామీ లావాదేవీ నేరమైంది. మనకు సంబంధించిన దెబ్బ 4వ సెక్షన్‌లో ఉంది: ‘ఆ ఆస్తి అతని పేర ఉన్నా నిజానికి నాది’ అంటూ ఎవరూ దావా వేయకూడదు, ఎవరి దావాకు జవాబుగానైనా ఆ వాదం ఎత్తకూడదు. భార్య పేరా పెళ్ళికాని కూతురు పేరా కొన్నవి నేరం నుంచి తప్పించారు, వారి మేలుకే కొన్నట్టు ఊహించాలన్నారు. కొడుకును ఆ జాబితాలో చేర్చలేదు. డయర్ కేసులో విలియంకు దక్కిన ఊహ రెండు వందల ఏళ్ళ తరువాత ఇండియాలో కూతురికి దక్కింది, అదీ పెళ్ళి కాకపోతేనే. సుప్రీం కోర్టు 1989లో మిథిలేశ్ కుమారి కేసులో ఈ నిషేధం పాత లావాదేవీలకూ వర్తిస్తుందంది. 1995లో రాజగోపాలరెడ్డి కేసులో పొరపాటు జరిగిందంటూ ఆ మాట వెనక్కు తీసుకుంది. ఆ ఆరేళ్ళలో ఓడిపోయినవాళ్ళ సంగతి చట్ట గ్రంథాల్లో కనిపించదు.

తలుపు మూసినా రెండు కిటికీలు వదిలారు. ఉమ్మడి కుటుంబ సభ్యుడి పేర ఉన్న ఉమ్మడి ఆస్తికీ, నమ్మకం మీద ఇతరుల కోసం పట్టుకున్న ఆస్తికీ 4వ సెక్షన్ అడ్డు రాదు. దాంతో రాత్రికి రాత్రే దావాల భాష మారింది. నిన్నటి బినామీ నేటి ఉమ్మడి అయింది. 2012లో సుప్రీం కోర్టుకు చేరిన బెంగళూరు కేసు ఒకటి రెండో కిటికీలోంచి వచ్చింది. తల్లి మునిసిపల్ కార్పొరేషన్‌కు అద్దెదారు. ఆమె పోయాక అద్దె హక్కు ఒక కొడుకు పేరుకు మారింది. తరువాత కార్పొరేషన్ ఆ స్థలాన్ని అతనికే అమ్మింది. తోబుట్టువులూ సొమ్ము వేశారు, పేరు మాత్రం అతనిదొక్కటే. తల్లి వారసులందరి తరఫునా నమ్మకం మీద అతను దాన్ని పట్టుకున్నాడని కోర్టు చెప్పింది, నిషేధం వర్తించలేదు.

ఇక రుజువుల సంగతి. 1974లో అచ్చయిన జయదయాళ్ పొద్దార్ తీర్పులో జస్టిస్ సర్కారియా చెప్పిన ఆరు గుర్తులే నేటికీ ప్లీడర్ల ప్రశ్నలకు ఆధారం. సొమ్ము ఎక్కడిది, కొన్నాక స్వాధీనం ఎవరిది, వేరొకరి పేర కొనడానికి కారణం ఏమిటి, వాళ్ళ మధ్య చుట్టరికం ఎలాంటిది, దస్తావేజు ఎవరి పెట్టెలో ఉంది, కొన్న తరువాత ఎవరు సొంతదారులా మసిలారు. వీటిలో ఏ ఒక్కటీ చాలదు, ముఖ్యమైంది సొమ్మే అయినా. బినామీ అనేవాడి మీదే భారం అని కూడా ఆ తీర్పు గట్టిగా చెప్పింది. 2019లో తమిళనాడు నుంచి వచ్చిన కేసులో, భర్త స్టాంపు ఖర్చులు భరించినంత మాత్రాన భార్య పేర ఉన్న ఆస్తి బినామీ అయిపోదనీ, ఇచ్చే ఉద్దేశం ఉందా లేదా అన్నది ముఖ్యమనీ సుప్రీం కోర్టు అంది. చనిపోయినవాడి ఉద్దేశం తెలుసుకోవడానికి శిస్తు రసీదులు, బ్యాంకు పాస్‌బుక్కులు, కౌలు చీటీలు, ఊళ్ళో ఇద్దరు ముసలివాళ్ళ సాక్ష్యం, ఇంతకన్నా సాధనాలు లేవు. పట్టాదారు పాస్‌పుస్తకం ఎంత మెరిసినా ఈ ప్రశ్నకు జవాబు చెప్పదు. అది పేరు చెబుతుంది, సొమ్ము చెప్పదు.

1988 చట్టంలో జప్తు నిబంధన ఉన్నా దానికి రూల్సు రాయలేదు. ఇరవై ఎనిమిదేళ్ళు కాగితంగానే ఉంది. 2016 నవంబర్ 1 నుంచి అమలైన సవరణ కోరలు పెట్టింది: ఏడాది నుంచి ఏడేళ్ళ దాకా కఠిన శిక్ష, మార్కెట్ విలువలో నాలుగో వంతు దాకా జరిమానా, ఆస్తి జప్తు. అంతకు ముందు కాలపు లావాదేవీలకు ఇది వర్తించదన్న 2022 నాటి గణపతి డీల్‌కామ్ తీర్పును సుప్రీం కోర్టు 2024 అక్టోబరులో తానే వెనక్కు తీసుకుంది. ఇంత కఠినమైన చట్టం ఇంటి వ్యవహారంలో మాత్రం సడలింది. లెక్క చూపగల ఆదాయంతో భార్యాభర్తలు ఒకరి పేర ఒకరు కొన్నా, బిడ్డ పేర కొన్నా ఇప్పుడు బినామీ కాదు. కొడుకూ కూతురూ, పెళ్ళైనవాళ్ళూ కానివాళ్ళూ, అందరూ ఇందులోకి వచ్చారు. బినామీ కాదంటే 4వ సెక్షన్ అడ్డు లేదు. అడ్డు లేకపోతే మిగతా తోబుట్టువుల దావాకు మళ్ళీ దారి దొరుకుతుంది, జయదయాళ్ పొద్దార్ ఆరు ప్రశ్నలూ మళ్ళీ మొదలవుతాయి.

సొమ్ము కింది తరానికి దిగేటప్పుడు చూపిన ఈ ఉదారత పై తరానికి ఎక్కేటప్పుడు చట్టం చూపలేదు. తల్లిదండ్రుల పేర, అన్నదమ్ముల అక్కచెల్లెళ్ళ పేర కొంటే, కొన్నవాడి పేరు కూడా ఆ కాగితంలో ఉమ్మడి సొంతదారుగా ఉండాలి. ఇది నేరుగా తగిలేది ప్రవాస తెలుగువాళ్ళకు. విదేశీ మారక నిబంధనల ప్రకారం ప్రవాసులు ఇండియాలో సేద్యపు భూమి కొనుక్కోకూడదు. కాబట్టి డాలసులోనో న్యూజెర్సీలోనో ఉన్న కొడుకు పంపిన డబ్బుతో గుంటూరు దగ్గరో కరీంనగర్ దగ్గరో పొలం తండ్రి పేర రిజిస్టరవుతుంది. తన పేరు ఎక్కించడానికి చట్టం ఒప్పదు, ఎక్కించకపోతే మినహాయింపు దొరకదు. తండ్రి విల్లు రాయకుండా పోతే 1956 నాటి వారసత్వ చట్టం ప్రకారం తల్లికీ తోబుట్టువులందరికీ అందులో సమాన వాటా. ‘డబ్బు నాది’ అని కొడుకు కోర్టులో నోరు విప్పితే దావా నిలవదు సరికదా, జప్తుకూ శిక్షకూ కావలసిన మొదటి సాక్ష్యం అతని ఆర్జీయే అవుతుంది.